తెలుగు అక్షరాలను జరిపి సందేశం దాచడం: పట్టిక ఎలా ఉండాలి, లెక్క ఎక్కడ చెడుతుంది

మాస్టారూ, మీరు అడిగినవి మూడు. పర్లాకిమిడిలో హైస్కూలు పిల్లలకు అక్షరాలు జరిపి రాసే రహస్య రాత నేర్పుతుంటే ఇంగ్లీషులో బాగానే కుదిరిందనీ, తెలుగుకు వచ్చేసరికి కంప్యూటర్ తెర మీద ఖాళీ డబ్బాలు వస్తున్నాయనీ రాశారు. కాగితం మీద చేసినా ఒకరు రాసింది మరొకరు విప్పితే ఎక్కువ అక్షరాలు సరిపోయి, కొన్ని మాత్రం తేడా పడుతున్నాయన్నారు. దీన్ని ఫోను సందేశాలకు నిజంగా వాడొచ్చా అని కూడా అడిగారు. మొదటి రెండు చిక్కులూ ఒక్కచోటే పుడుతున్నాయి. కూడిక, తీసివేత పిల్లలకు వచ్చు. తప్పుతున్నది పట్టిక. వరసలో ఏయే అక్షరాలు ఉన్నాయి, ఏది ముందు ఏది వెనక, మొత్తం ఎన్ని అన్నది రాసేవారి దగ్గరా విప్పేవారి దగ్గరా అచ్చంగా ఒకటే కావాలి. అది కుదరకపోతే కీ, అంటే ఎన్ని స్థానాలు జరపాలన్న సంఖ్య, సరిగ్గా తెలిసినా సందేశం విడదు.

ఇంగ్లీషు సంగతి త్వరగా చూసేద్దాం. 'ఏ' (A) అక్షరానికి 0, బీకి 1, అలా జెడ్‌కి 25 ఇస్తాం. కీ 3 అయితే ప్రతి సంఖ్యకూ 3 కలిపి, 26 గానీ అంతకు మించి గానీ వస్తే 26 తీసేస్తాం. సీ, ఏ, టీ అన్న మూడక్షరాలు ఎఫ్, డీ, డబ్ల్యూ అవుతాయి. వై అయితే 24కి 3 కలిపితే 27, అందులోంచి 26 పోతే 1, అంటే బీ. జూలియస్ సీజర్ ఇలాగే మూడు అక్షరాలు జరిపి రాసేవాడని రోమన్ చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు. అగస్టస్ ఒక్క అక్షరమే జరిపేవాడట, కానీ చివరి అక్షరం దగ్గర మళ్లీ మొదటికి వెళ్లకుండా 'ఏ' (A) అక్షరాన్ని రెండుసార్లు రాసేవాడట. వరసను చక్రంగా మూసేస్తే అలాంటి విడి నియమం అక్కర్లేదు. పిల్లలకు ముందు ఈ తేడా చూపిస్తే శేషం లెక్క ఎందుకు కావాలో వాళ్లకే తడుతుంది.

ఇప్పుడు తెలుగు. మన అక్షరంలో హల్లు వేరు, దాని మీది గుణింతం వేరు, కింది వత్తు వేరు. మొత్తాన్ని కట్టగట్టి జరపకూడదు. హల్లులకు మాత్రమే ఒక చక్రం కట్టండి. గుణింతపు గుర్తులు, నిండుసున్న, విసర్గ, పొల్లు ఉన్నచోటే ఉంటాయి. హల్లులకు ఈ సంఖ్యలు ఇవ్వండి:

క 0, ఖ 1, గ 2, ఘ 3, ఙ 4
చ 5, ఛ 6, జ 7, ఝ 8, ఞ 9
ట 10, ఠ 11, డ 12, ఢ 13, ణ 14
త 15, థ 16, ద 17, ధ 18, న 19
ప 20, ఫ 21, బ 22, భ 23, మ 24
య 25, ర 26, ల 27, వ 28
శ 29, ష 30, స 31, హ 32, ళ 33, ఱ 34

మొత్తం 35. ఇందులో క్ష లేదు, కావాలనే వదిలేశాను. అది క, ష కలిసిన సంయుక్తాక్షరం. కంప్యూటర్ కూడా దాన్ని క, పొల్లు, ష అని మూడు ముక్కలుగానే దాచుకుంటుంది. ఙ, ఞ మామూలు రాతలో కనిపించవని తీసెయ్యకండి. జరిపినప్పుడు వాటి స్థానాల్లోకి వేరే అక్షరాలు వచ్చి పడాలి.

కీ 7 అనుకుని "రేపు గుణుపురం సంతకు రా" అన్న మాట దాచుదాం. ర 26, దానికి 7 కలిపితే 33, అంటే ళ. ఏత్వం అలాగే ఉంటుంది కాబట్టి ళే. పు లోని ప 20, జరిగితే 27, లు. గ 9కి వెళ్లి ఞు, ణ 21కి వెళ్లి ఫు, మళ్లీ పు లు అవుతుంది, రం ళం అవుతుంది. సంతకు దగ్గర చక్రం తిరుగుతుంది: స 31, ఏడు కలిపితే 38, 35 పోతే 3, అంటే ఘ. త 22కి వెళ్లి బ, కు జు. మొత్తం కలిపి రాస్తే:

ళేలు ఞుఫులుళం ఘంబజు ళా

విప్పేటప్పుడు అదే 7 తీసెయ్యాలి. ఘ 3 కదా, ఏడు తీస్తే మైనస్ 4, దానికి 35 కలిపితే 31, స. పిల్లలకు మైనస్ ఇబ్బందిగా ఉంటే విప్పడానికి 28 కలపమనండి. 35లోంచి 7 పోతే 28. ఏడు ముందుకు జరిగినవాడు ఇంకో 28 ముందుకు జరిగితే బయలుదేరిన చోటికే వస్తాడు. ఇది అర్థమైన పిల్లవాడికి చక్రపు లెక్క వచ్చేసినట్టే.

వత్తులకు కొత్త నియమం లేదు. తల మీద ఉన్న హల్లును, కింద ఉన్న వత్తును విడివిడిగా జరపాలి. పత్రం లో ప, త, ర మూడూ జరిగి లబ్ళం అవుతుంది. క్ష వస్తే క ఏడుకి వెళ్లి జ, ష 37లోంచి 35 పోయి 2, గ. అంటే జ్గ. చూడ్డానికి వింతగా ఉన్నా తిరిగి విప్పితే చక్కగా క్ష వస్తుంది. మాట మొదట్లో వచ్చే అచ్చులను జరపాలంటే వాటికి వేరే చక్రం పెట్టాలి: అ ఆ ఇ ఈ ఉ ఊ ఋ ఎ ఏ ఐ ఒ ఓ ఔ, పదమూడు. మొదటి వారం వీటిని కదపకుండా వదిలెయ్యడమే మంచిది.

కాగితం మీద చేయడానికి గుండ్రటి చక్రం కంటే పట్టీలు మేలు. 35 భాగాల చక్రానికి ఒక్కో గడి 10.3 డిగ్రీల దాకా వస్తుంది. కోణమానినితో 10 డిగ్రీల చొప్పున గీస్తూ పోతే చివర 10 డిగ్రీల ఖాళీ మిగులుతుంది, పిల్లలు అందులో క్ష రాసేస్తారు, అక్కడితో పట్టిక చెడుతుంది. గళ్ల కాగితంలో సెంటీమీటరు గడులతో 35 గడుల పట్టీ ఒకటి, అదే వరసను రెండుసార్లు రాసిన 70 గడుల పట్టీ ఒకటి కత్తిరించండి. పొట్టి పట్టీలోని క కింద పొడుగు పట్టీలోని జ వచ్చేలా పెడితే కీ 7 సిద్ధం. దాచేటప్పుడు పైనుంచి కిందికి, విప్పేటప్పుడు కిందినుంచి పైకి చదవాలి. రెండుసార్లు రాశాం కాబట్టి చివర్లో 35 తీసే పని కూడా ఉండదు.

తేడాలు వస్తున్నాయన్నారు కదా, ఏ తప్పు ఎలా కనిపిస్తుందో తెలిస్తే వచ్చిన మాటను చూసే కారణం చెప్పొచ్చు. అక్షరాలన్నీ ఒక్కో స్థానం వెనక్కి వస్తే, రాసినవారు బయలుదేరిన అక్షరాన్ని కూడా ఒకటిగా లెక్కపెట్టారన్నమాట. వాళ్లు ఏడు అనుకున్నది నిజానికి ఆరు. అప్పుడు రేపు అన్నది విప్పినవారికి యేను అని వస్తుంది. అన్నీ పూర్తిగా వేరేగా వస్తే, విప్పినవారు తీసెయ్యడానికి బదులు మళ్లీ కలిపారేమో చూడండి. రేపు కాస్తా చేఱు అవుతుంది.

మీ పిల్లలకు జరిగింది మూడో రకం అనుకుంటున్నాను: చాలా మాటలు సరిగ్గా వచ్చి, అక్కడక్కడ ఒక హల్లు పక్కదానికి జరగడం. ఒకరి పట్టికలో 35, మరొకరి దానిలో 36 ఉంటే ఇలాగే వస్తుంది. పెద్దబాలశిక్ష వరసలో హ, ళ, క్ష, ఱ అని చదువుకున్న పిల్లవాడు క్షను లెక్కలో వేసుకుంటాడు. వాడికి స 38లోంచి 36 పోయి 2, గ. విప్పేవాడు 35తో చేస్తే 2లోంచి 7 పోయి మైనస్ 5, అది 30, ష. సంతకు కాస్తా షంతకు అయింది. త, కు మాత్రం బాగానే వచ్చాయి, ఎందుకంటే అవి చక్రం చివర దాటలేదు. ఇంకా ఘోరం లో దగ్గర: ల 27కి ఏడు కలిపితే 34, వాడి పట్టికలో అది క్ష. క్షో అని రాస్తే, విప్పేవాడు క, ష రెండింటినీ విడిగా వెనక్కి జరిపి వ్భో అని తెస్తాడు. మీ దగ్గర ఒడియా మీడియం పిల్లలు కూడా ఉన్నారు. ఒడియా వర్ణమాలలో ఱ లేదు. ధర్మాబాద్, సిరోంచ వైపు మరాఠీ మీడియంలో చదివే తెలుగు పిల్లలైతే వరసను ళ, క్ష, జ్ఞ అని ముగిస్తారు. ఒకే గదిలో వేర్వేరు వర్ణమాలలు ఉన్నప్పుడు "అక్షరమాల వరస ప్రకారం" అంటే సరిపోదు. పైన ఇచ్చిన ఏడు వరుసలను బోర్డు మీద రాసి, చివరి అక్షరం ఱ, దాని సంఖ్య 34 అని అందరి చేతా పట్టీ మీద రాయించండి. ఆ ఒక్క పని చేస్తే సగం తప్పులు పోతాయి.

ఇక కంప్యూటర్ డబ్బాలు. కంప్యూటర్‌లో ప్రతి లిపిలోని ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. మీరు ప్రతి అక్షరపు యూనికోడ్ సంఖ్యకు నేరుగా 3 కలిపారు. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా చోటు ఉంది, కానీ అందులో అన్ని గడులూ నిండి లేవు. క 3093, న 3112, ప 3114. మధ్యలోని 3113 ఖాళీ. తమిళంలో రెండో న ఒకటి ఉంది, దాని సమాన స్థానం అది. మనకు ఆ అక్షరం లేదు కాబట్టి ఎవరూ నింపలేదు. ఫాంటులో బొమ్మ లేని సంఖ్య వస్తే తెర డబ్బా చూపిస్తుంది. పొల్లు సంఖ్య 3149, మూడు కలిపితే 3152, ఖాళీ. ఎత్వం 3142, మూడు కలిపితే 3145, అదీ ఖాళీ. అందుకే మీకు ఒత్తక్షరాలున్న ప్రతి మాటలోనూ, చె, పె, మె ఉన్న ప్రతిచోటా డబ్బాలు వచ్చాయి.

డబ్బా రాని చోట కూడా రాత చెడిపోతుంది. నిండుసున్న 3074, మూడు కలిపితే 3077, అది అ. రం అన్నది ళఅ అయిపోతుంది. మాటల మధ్య ఖాళీ జాగా సంఖ్య 32, అది 35 అయి హ్యాష్ గుర్తు వస్తుంది. నేరుగా మూడు తీసేస్తే అన్నీ తిరిగి రావాలి నిజమే, కానీ ఇలాంటి చెల్లని వరసలను మధ్యలో ఏదైనా యాప్ సరిదిద్దినా, ఒక గుర్తు మింగేసినా మళ్లీ దొరకదు.

చేయాల్సింది ఇది. 35 హల్లులను పైన చెప్పిన వరసలో ఒక జాబితాగా పెట్టుకోండి. సందేశంలోని ఒక్కో గుర్తునూ తీసుకుని, అది జాబితాలో ఉంటే దాని స్థానానికి కీ కలిపి 35తో భాగించి, శేషం ఉన్న స్థానంలోని హల్లును రాయాలి. జాబితాలో లేకపోతే ఉన్నది ఉన్నట్టే దాటించాలి. గుణింతాలు, పొల్లు, సున్న, ఖాళీలు, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో ఉండే కనిపించని విడదీత గుర్తు అన్నీ ఇలా వాటంతట అవే క్షేమంగా ఉంటాయి. యూనికోడ్ వరసలో ఱ చివర ఉండదు, ర తర్వాత 3121లో ఉంటుంది. కాబట్టి యూనికోడ్ క్రమాన్ని నమ్ముకోకుండా మీ జాబితానే నమ్మండి. విప్పేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. మైనస్ 4ను 35తో భాగిస్తే పైథాన్ శేషం 31 అని ఇస్తుంది. ఎక్సెల్‌లో మాడ్ ఫార్ములా కూడా అంతే. సీ, జావా, జావాస్క్రిప్ట్ మాత్రం మైనస్ 4 అనే ఇస్తాయి, అక్కడ ప్రోగ్రామ్ ఆగిపోతుంది లేదా చెత్త ఇస్తుంది. ముందే 35 కలిపి ఆ తర్వాత భాగిస్తే ఏ భాషలోనైనా నడుస్తుంది.

సరిహద్దులో ఉన్న పిల్లలకు తప్పక చూపించాల్సింది ఇంకొకటి ఉంది. భారతీయ లిపులకు కంప్యూటర్ సంకేతాలిచ్చిన 1988 నాటి ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించి యూనికోడ్ మన దేశ లిపులను ఒకే నమూనాలో పేర్చింది. ఒడియా క 2837, తెలుగు క 3093, తేడా 256. దేవనాగరి క 2325, తేడా 768. ఒడియాలో గుణుపురం పేరును టైపు చేసి ప్రతి గుర్తుకూ 256 కలపండి, గుణుపుర అని తెలుగులో వస్తుంది. మరాఠీ రాతకు 768 కలిపితే సరి. జరపడం అంటే ఏమిటో ఇంతకంటే బాగా కళ్లకు కట్టేది లేదు. కానీ ఇక్కడ దాచింది ఏమీ లేదని కూడా వాళ్లకు చెప్పండి, ఎందుకంటే కీ అందరికీ తెలిసినదే. ఇది లిపి మార్పు మాత్రమే. ఇక్కడా ఖాళీ గడులు తగులుతాయి. రాయగడ పేరులో ఒడియా వాళ్లు య పలికించడానికి వాడే అక్షరం 2911, దానికి 256 కలిపితే 3167, తెలుగులో అది ఖాళీ. దాన్ని విడిగా 3119కి, అంటే మన యకి, పంపాలి. వాక్యం చివరి నిలువు గీత దేవనాగరి గడిలోది, దాని సంఖ్య 2404. అందుకే 2816 నుంచి 2943 మధ్య ఉన్న సంఖ్యలకు మాత్రమే 256 కలపాలి.

ఇంక ఎంత భద్రం అన్న ప్రశ్న. భద్రం కాదు. మొత్తం పనికొచ్చే కీలు 34. ఒక మాట తీసుకుని ఒక్కో మెట్టు వెనక్కి జరుపుతూ కింద కింద రాసుకుంటూ పోతే కాసేపట్లో తేలిపోతుంది. తెలుగులో అంత శ్రమ కూడా అక్కర్లేదు, గుణింతాలు వదిలేశాం కదా, అవే పట్టిస్తాయి. ఇది చూడండి:

జంరఘో థింరసంభు శగ సెగిఢింవి

చివరి మాట "ింవి" అని ముగిసింది. తెలుగులో వాక్యం చివర గుడి, సున్న, మళ్లీ గుడి వరసగా వస్తే ముందు తట్టేది "ింది": వచ్చింది, అయింది, పోయింది. వ 28, ద 17, తేడా 11. ఆ కీ సరైనదేనా అని మొదటి మాట మీద చూస్తే, ఘ 3లోంచి 11 పోయి మైనస్ 8, అది 27, ల. ఘో అన్నది లో. కీ దొరికింది. మిగతాది విప్పితే "సంతలో చింతపండు ధర పెరిగింది". ఒక్క ఊహ, రెండు తీసివేతలు. లో, లు, కు, ను, డు లాంటి ముగింపులు, క్క, ల్ల, న్న లాంటి జంట హల్లులు ఎంత జరిపినా, హల్లు మారుతుంది గానీ గుణింతం, జంట అలాగే ఉంటాయి. మామూలు రాతలో అరుదైన ఞ, ఙ, ఝ పదే పదే కనిపించడం కూడా ఒక ఆనవాలే. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి రహస్య రాతను ఛేదించవచ్చని 9వ శతాబ్దంలోనే బాగ్దాద్ పండితుడు అల్ కిందీ రాశాడు. పిల్లలతో ఈ ఛేదించే పాఠానికే ఎక్కువ సమయం కేటాయించండి. దాచడం ఒక గంటలో వస్తుంది, ఛేదించడంలో భాష మీద చూపు పెరుగుతుంది.

గుణింతాలను కూడా 13 అచ్చుల చక్రంలో జరిపితే కీలు 35 సార్లు 13, అంటే 455 అవుతాయి. ప్రోగ్రామ్‌లో తలకట్టుకు విడిగా గుర్తు ఉండదు కాబట్టి, గుణింతమూ పొల్లూ లేని హల్లుకు అకారం ఉన్నట్టు లెక్క వేసుకోవాలి. అక్కడే చాలామంది తప్పుతారు. ఇంత చేసినా ఫోనుకు 455 ప్రయత్నాలు ఒక లెక్క కాదు. ఏటీఎం పిన్ గానీ పాస్‌వర్డ్ గానీ ఇలా రాసి పెట్టుకోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. అంకెల చక్రంలో ఉన్నవి పదే, పనికొచ్చే కీలు తొమ్మిదే. ఫోను సందేశాలకు వాట్సాప్ 2016 నుంచి ఇద్దరి మధ్య పూర్తి ఎన్‌క్రిప్షన్ తనే చేస్తోంది. దాని మీద ఈ జరుపుడు పెట్టినందువల్ల అదనంగా వచ్చేది లేదు.

తరగతిలో తర్వాతి మెట్టు కావాలంటే ఒక్క సంఖ్యకు బదులు ఒక మాటను కీగా ఇవ్వండి. 1553లో ఇటలీకి చెందిన బెల్లాసో ప్రచురించిన పద్ధతి ఇది, తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన విజనేర్ పేరు మీద ప్రసిద్ధమైంది. కీ "జయ" అనుకోండి: జ 7, య 25. మొదటి హల్లుకు 7, రెండో దానికి 25, మళ్లీ 7, మళ్లీ 25. రేపు గుణుపురం ఇలా అవుతుంది:

ళేటు ఞుఙులుథం

ఇందాక రెండుసార్లూ లు అయిన పు, ఇప్పుడు ఒకచోట టు, మరోచోట లు అయింది. "ింది" పట్టుకునే ఉపాయం ఒక్క దెబ్బకు పనిచేయదు. అయినా కీ పొట్టిది, సందేశం పొడుగైతే అవే ముక్కలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ ముక్కల మధ్య దూరాలు కొలిచి కీ పొడవు కనిపెట్టే మార్గాన్ని 1863లో ప్రష్యా సైన్యాధికారి కాసిస్కీ ప్రచురించాడు. మీ పిల్లలకు నాలుగైదు అక్షరాల కీ ఇచ్చి, ఒక పేజీ నిండా రాయించి, అవతలి జట్టుతో విప్పించండి. ఇక్కడ తప్పు వచ్చేది ఎక్కువగా వత్తుల దగ్గర. సంఖ్యలు వంతులు మారేది హల్లుకొకసారి, అక్షరానికొకసారి కాదు. వత్తు కూడా ఒక హల్లే, దానికీ వంతు ఇవ్వాలి. ఒకరు వత్తును లెక్కించి మరొకరు మానేస్తే ఆ వత్తు దాకా అంతా సరిగ్గా విడి, ఆ తర్వాత వాక్యం పూర్తిగా చెడుతుంది. ఎక్కడ చెడడం మొదలైందో చూసి దానికి ముందున్న వత్తు దగ్గరికి వెళ్తే తప్పు దొరుకుతుంది.